పట్నమున తలదాచుకొను చోటు

వానలు చాలని సీమలో పుట్టినవాడు పట్నమునకు పోవుట తరచుగా వేడుకకొరకు కాదు. కర్నూలు, కడప మండలముల పల్లెలనుండి హైదరాబాదునకో, బెంగళూరునకో, చెన్నపట్టణమునకో బస్సెక్కు జనములో చార్మినారు చూడబోవువారును సముద్రము చూడబోవువారును కొందరుండవచ్చును గాని, తక్కినవారందరును తప్పనిసరి పనులమీద పోవువారే: పెద్దాసుపత్రిలో చూపించుకొనవలసిన రోగము, తాతలనాటినుండి తెగని భూమి తగాదా, కొడుకు వ్రాయవలసిన పరీక్ష, కూతురు చేరవలసిన ఉద్యోగము, పంట చేతికి రాని ఏట కుటుంబమును నిలుపుకొనుటకు వెదకుకొనవలసిన కూలి. ఇట్టి పనిమీద పోవువానికి పట్నమున ఎక్కడ దిగవలెనను ప్రశ్న చిన్నది కాదు. రోగికి నిద్ర పట్టినదా లేదా, వ్యాజ్యగాడు వేళకు కోర్టు మెట్లెక్కినాడా లేదా, పిల్లవాడు పరీక్షహాలులో తూలకుండ కూర్చుండగలిగినాడా లేదా అనునవన్నియు ముందటి రాత్రి దొరకిన చోటునుబట్టి యుండును. అయినను మనవారు టికెట్టు కొనుటలో చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను బస విషయమున చూపరు. "పోయినాక చూసుకుందాంలే" అని బయలుదేరుదురు. ఈ అశ్రద్ధకు వారొక్కరే బాధ్యులు కారనియు, పేదవాని బసను గూర్చి నగరములును ప్రభుత్వములును ఆలోచించుట మానివేసి చాలకాలమైనదనియు నా దృఢాభిప్రాయము.

చిత్తూరునుండి బయలుదేరు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్సు రాత్రివేళ కడపలో జనము నెక్కించుకొని, యర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, డోను, కర్నూలు మీదుగా ఉదయమునకు హైదరాబాదులోని కాచిగూడ చేరును. ఆ వేళ ఆ స్టేషను ముంగిట నిలిచి చూచినవారికి మన సీమ పట్నములో ఎట్లు దిగుచున్నదో తెలియగలదు. ఎక్స్‌రే ఫిల్ముల కవరును చంకన ఇరికించుకొన్న ముసలాయన, ఆయన భుజము పట్టుకొని నడిపించు కోడలు, ఆమె చేత సద్ది మూట, వెనుక మంచినీళ్ల క్యాను మోయు పిల్లవాడు. వారింకను మెట్లు దిగకమునుపే ఆటో నడుపువాడొకడు "లాడ్జి కావాల్నా పెద్దాయనా, మంచిది చూపిస్తా రా" అని సంచి అందుకొనును. అంతటితో ఎన్నిక ముగిసినట్లే. తోడ్కొనిపోయినవానికి లాడ్జివారు కమీషను ముట్టజెప్పుదురు, ఆ కమీషను బాడుగలో చేరును, గది ఆసుపత్రికి దగ్గరో దూరమో అడుగువారుండరు. ఆటో నడుపువారిని నిందించుట నా ఉద్దేశము కాదు. వారిలో అనేకులు మన కరవుసీమనుండియు, పాలమూరునుండియు బ్రతుకుతెరువు వెదకుకొని పోయినవారే. అలసటతో దిగిన మనుష్యునికి, కుడియెడమలు తెలియని చోట, ఎవరు ముందు పలుకరించిన వారే దిక్కగుదురు. ఆ పలుకరింపు ఒక పబ్లికు సంస్థవలన రావలసినదని మాత్రమే నా మనవి.

ఒకప్పుడు అట్టి ఏర్పాటు కొంత యుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, తిరుపతి, ఒంటిమిట్ట, కడప, అహోబిలము, శ్రీశైలము మీదుగా హైదరాబాదు చేరి, అటనుండి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరినారు. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రను చదువువారు దేవాలయ వర్ణనలకొరకు చదువుదురు గాని, నాకు దానిలో మిక్కిలి విలువైనదిగా తోచునది ఆయన ప్రతి మజిలీకిని చేసిన విచారణ: ఇక్కడ సత్రము కలదా, లేదా, బావి నీళ్లు మంచివా, కావా, అంగళ్లలో బియ్యము, కట్టెలు దొరకునా, దిగుటకు చాలిన నీడ కలదా. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండి, వెంట పరివారమును డేరాలును గల సంపన్నుడు సైతము తన తరువాత రాబోవు సామాన్యుని బస కొరకు ఈ వివరములను శ్రద్ధగా సేకరించి పెట్టెను. శ్రీశైలమున యాత్రికుల తలమీద కందనూరు (కర్నూలు) నవాబు వసూలుచేయు సుంకమును గూర్చియు ఆయన వ్రాయక మానలేదు. ఆ సత్రముల వ్యవస్థలో మెచ్చుకొనదగినది ఎంత కలదో, ఒప్పరానిదియు అంత కలదు. కులమునకొక సత్రము, ఆ కులము కానివానికి అరుగు. కొందరికి అరుగు సైతము లేదు. నేటికిని శ్రీశైలమున కరివేనవారి సత్రము మొదలుకొని రెడ్ల సత్రము, వైశ్యుల సత్రము అని వేరువేరుగా నున్నవి. అవి ఎందరికో అన్నము పెట్టినవి, నీడనిచ్చినవి. వానిని స్థాపించిన పుణ్యాత్ములయందు నాకు గౌరవము కలదు. కాని ఏ కులమువారికి సత్రము కట్టించు ధనికుడు లేకపోయెనో ఆ కులపు ముసలిది చలిలో ఎక్కడ పండుకొన్నదని అడుగక తప్పదు. ఆ సత్రముల స్థానమున రావలసినది కులమడుగని పబ్లికు సత్రము. వచ్చినది మాత్రము ధనమడుగు లాడ్జి.

బస దొరకకపోవుట యెట్లుండునో మన కర్నూలునకు తెలిసినంత ఆంధ్రదేశమున మరే పట్టణమునకును తెలియదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము పుట్టి, కర్నూలు దానికి రాజధాని అయినపుడు, మదరాసునుండి కట్టగట్టుకొని వచ్చిన కచేరీలకును ఉద్యోగులకును ఈ తుంగభద్ర ఒడ్డున చాలినన్ని ఇండ్లు లేకుండెను. గుడారములు వేసి కచేరీలు నడపిరి, గుడారములలో గుమాస్తాలు కాపురముండిరి. భార్యాబిడ్డలను మదరాసులోనే విడిచి వచ్చినవారు కొందరు, ఊరిలో ఒక గదికై ఇల్లిల్లు తిరిగినవారు కొందరు. ఉద్యోగులకని ఆనాడు వెలసిన నివాసములకు ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అను పేర్లు నిలిచి, రాజధాని 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదునకు తరలిపోయినను, నేటికిని ఆటోవారు ఆ పేర్లతోనే కేక వేయుచున్నారు. కూరగాయలు కొనుటకు సీ క్యాంపు రైతుబజారునకు పోవు నేటి యువకునికి అది ఒక ప్రభుత్వము తన వారికి తల దాచుకొను చోటు వెదకిపెట్టిన గుర్తని తెలియకపోవచ్చును. నేననునది ఇంతే: ఉద్యోగి బసను ప్రభుత్వము తన బాధ్యతగా నెంచి, గుడారమైనను వేసి, తరువాత ఇల్లైనను కట్టి చూపెను. ఆ ఉద్యోగి కచేరీకి పనిమీద వచ్చిన రైతు రాత్రి యెక్కడ నుండవలెనని మాత్రము అప్పుడును అడుగలేదు, ఇప్పుడును అడుగుట లేదు.

ఇక ఎన్నుకొను విషయమునకు వత్తును. నా మతమున మొదట చూడవలసినది బాడుగ కాదు, పని. ఏ పనిమీద పోవుచున్నాము, ఆ పని ఏ వీధిలో, ఏ వేళకు; దానినిబట్టి చోటు; చోటు తేలిన తరువాతనే బాడుగ. మనవారు దీనిని తలక్రిందుగా చేయుదురు. పంజాగుట్ట నిమ్సు ఆసుపత్రిలో చూపించుకొనవలసినవాడు, ఎవరో చౌక యని చెప్పిరని ఊరికి ఆ చివరనున్న గదిలో దిగి, పొద్దున చీటీ తీయు వరుసకు అందుకొనుటకై చీకటితో ఆటో మాట్లాడుకొని పోవును. గదిలో రెండువందలు మిగిలిన వనుకొందము. రానుపోను ఆటోకు నాలుగువందలైనవి. మధ్యాహ్నము పరీక్షలకు నడుమ రెండు గంటల తీరిక దొరకినను రోగి గదికి వచ్చి నడుము వాల్చుటకు లేదు, ఆసుపత్రి వసారాలో కూర్చుండవలసినదే. ఈ నష్టమును ఏ లెక్కలో వ్రాసుకొనవలెను? అదే మనుష్యుడు ఎంజీబీఎస్ బస్టాండులో దిగి, అక్కడనే యున్న మెట్రో స్టేషనులో మియాపురము వైపు బండి ఎక్కినచో, నాంపల్లి, లక్డీకాపూలు, ఖైరతాబాదు దాటి ఎనిమిదవ స్టేషను పంజాగుట్టయే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేటనుండి ఎల్బీనగరు దాక ఈ మార్గము తెరచిననాటినుండి కర్నూలు బస్సులలో దిగు బీదజనమునకు హైదరాబాదు సగమునకు సగము చిన్నదైనదని చెప్పవచ్చును. ఈ లైను పొడవునను ఎక్కడ గది దొరకినను, అది మలకుపేట కానిండు, దిల్‌సుఖ్‌నగరు కానిండు, ఆసుపత్రికి దూరము కిలోమీటర్లలో ఎంతయైనను ఘడియలలో తక్కువ. ఆసుపత్రి చెంతనున్న ఎర్రమంజిలు దగ్గర హెచ్చు బాడుగ నిచ్చుకొనలేనివాడు మలకుపేటలో తక్కువ బాడుగకు దిగి రైలులో పోవచ్చును. నీలోఫరు ఆసుపత్రికి పిల్లలను తీసికొనిపోవు తల్లులు, రెడ్‌హిల్సు క్యాన్సరు ఆసుపత్రికి పోవువారు నాంపల్లి స్టేషను పరిసరములలో చూచుకొనుట మేలు. అటనుండి నడచియైనను పోవచ్చును. ఉస్మానియా ఆసుపత్రికైతే అఫ్జలుగంజి, గౌలిగూడ ప్రాంతమే తగినది. అక్కడి గదులు పాతవి, ఇరుకైనవి, వీధిలో చప్పుడును కలదు గాని రోగి మంచమునకును మనకును నడుమ ఒక వీధి మాత్రమే యుండును. చప్పుడు సహింపవచ్చును, దూరము సహింపరాదు.

చోటు నిశ్చయమైన తరువాత గదిని చూడవలెను. చూడకుండ డబ్బు చెల్లింపరాదు. లాడ్జివాడు తాళపుచెవి చేతికిచ్చి అడ్వాన్సు అడుగుటయు, మనము సిగ్గుపడి ఇచ్చివేయుటయు పరిపాటి. ఊరిలో ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, తోక యెత్తి చూచు రైతు, పట్నమున గది యొద్ద ఏల సిగ్గుపడవలెనో నాకు బోధపడదు. తలుపు తీయగానే మొదట కుళాయి త్రిప్పవలెను. నీరు దారగా వచ్చుచున్నదా, బొట్లుగా వచ్చుచున్నదా, ఏ వేళలలో వచ్చును, వేడినీళ్లు బకెట్టుకు విడిగా డబ్బిచ్చి తెచ్చుకొనవలెనా యని అడుగవలెను. నీటి విలువ మనవారికి ఒకరు చెప్పనక్కరలేదు. పిదప తలుపు గడియ లోపలినుండి గట్టిగా పడుచున్నదా చూడవలెను. ఆడవారు వెంటనున్నచో ఇదియే మొదటిది. కిటికీ యెటు తెరచుకొనునో చూడవలెను. లాడ్జీలలో అనేక గదుల కిటికీలు భవనము నడిమి ఇరుకు సందులోనికి తెరచుకొని, వంటయింటి పొగను, క్రింది పాయిఖానాల వాసనను లోనికి తెచ్చును. దుప్పటి నెత్తి పరుపు చూడవలెను, దిండు వాసన చూడవలెను. నల్లి కాటు తగిలిన రోగి రాత్రి యెల్ల కూర్చుండి తెల్లవార్చును. ముసలివారున్నచో మెట్లెన్నో, లిఫ్టు రాత్రిపూట నడచునో లేదో, కాలుమడుచుకొని కూర్చుండలేనివారికి కుర్చీ దొడ్డి కలదో లేదో విచారింపవలెను. ఇవన్నియు అడిగినందువలన ఎవరి మర్యాదయు పోదు. "ఏమన్నా, ఇరవైనాలుగు గంటల లెక్కనా, పన్నెండుకంతా ఖాళీ చేయాల్నా?" అని అడుగుట మాత్రము ఎట్టి పరిస్థితిలోను మరువరాదు.

ఈ చివరి ప్రశ్న మన సీమవారికి విశేషముగా అవసరమైనది. కడపనుండియు కర్నూలునుండియు బయలుదేరు రైళ్లు, బస్సులు అనేకము రాత్రి నడచి తెల్లవారుజామున పట్నము చేర్చును. మధ్యాహ్నము పన్నెండు గంటలకు దినము ముగియునను నియమము గల హోటలులో ఉదయము ఆరింటికి దిగినవానికి ఆరుగంటల నిద్రకు ఒక దినపు బాడుగ పడును. ఆసుపత్రినుండి సాయంకాలము తిరిగి వచ్చునప్పటికి రెండవ దినపు బాడుగ మొదలగును. పాతకాలపు లాడ్జీలలో దిగిన గంటనుండి ఇరవైనాలుగు గంటల లెక్క వాడుకలో నుండుటచేత, చూపునకు కొంత మాసినవైనను మనవారికి అవియే లాభకరములు. ఒక్క పూట స్నానముచేసి నడుము వాల్చిన చాలుననుకొనువారు పెద్ద రైల్వేస్టేషనులలోని విశ్రాంతి గదులను, డార్మిటరీ మంచములను ముందుగా రిజర్వు చేసికొనవచ్చును. చేతిలో ఖాయమైన రైలు టికెట్టున్న చాలును, నలుబదియెనిమిది గంటలవరకు ఉండనిత్తురు. ఈ సౌకర్యమును వినియోగించుకొనువారు మనలో మిక్కిలి తక్కువ. బాడుగమీద పన్ను సంగతి కూడ చెప్పవలెను. దినమునకు వెయ్యి రూపాయలకు లోపు గదులకు మొదట జీఎస్టీ లేకుండెను. 2022 జూలై 18వ తేదీనుండి వానికిని నూటికి పండ్రెండు వంతున విధించిరి. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి ఏడువేల ఐదువందలకు లోపు గదులన్నిటికిని ఐదుకు తగ్గించిరి. తగ్గించుట సంతోషమే. కాని రోగిని వెంటబెట్టుకొని వచ్చి ఎనిమిదివందల గదిలో పడుకొన్నవానియొద్ద ఐదు వంతైనను ఏల తీసికొనవలెను? నవాబు సుంకమును వీరాస్వామయ్యగారు ఇంచుమించు రెండువందల యేండ్ల క్రిందట ప్రశ్నింపదగిన విషయముగా నెంచినారు; మనమును ఎంచవలెను.

ధనము గలవారిని గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. వారికి చోట్లు అనేకములు, చెప్పువారును అనేకులు. బంజారాహిల్సులోనో, బెంగళూరు ఎంజీ రోడ్డులోనో పెద్ద హోటలులో దిగగలవాడు కూడ పనియున్న వీధిని మరచి పేరునుబట్టి దిగినచో, బెంగళూరు రద్దీలో కారులో కూర్చుండి దినము గడుపవలసి వచ్చుననునది ఒక్కటి గుర్తుంచుకొన్న చాలును. మధ్యతరగతివారికి మాత్రము వేలూరు అనుభవము పాఠము కాదగినది. కడప జిల్లావారికి పెద్ద రోగమనిన మొదట స్మరణకు వచ్చునది వేలూరు సీఎంసీ ఆసుపత్రి. 1900లో ఇడా స్కడ్డరు అను అమెరికా వైద్యురాలు ఒక్క మంచముతో ప్రారంభించినది నేడు దేశపు నలుమూలలనుండియు రోగుల నాకర్షించుచున్నది. ఆ ఆసుపత్రి చుట్టుపట్ల సందులలో గదితోపాటు చిన్న వంటగదిని, పొయ్యిని, గిన్నెలను బాడుగకిచ్చు పద్ధతి ప్రబలినది. వారములు, నెలలు ఉండవలసిన రోగికి హోటలు కూడు పడదు. బంగాళమునుండి వచ్చినవారు చేపలు వండుకొనుచుండగా, ప్రక్క గదిలో మన రాయచోటి ఆమె సంగటి కెలుకుకొని, పప్పు చేసికొని, మెత్తగా చేసి మామకు పెట్టుచుండును. నాలుగు దినములకు మించి ఉండవలసినవారెవరైనను, ఏ నగరమున నైనను, వంటకు వీలుగల గదినే వెదకవలెనని నేను చెప్పుదును. తిండి ఖర్చు తగ్గుట ఒక లాభము. రోగి తన ఊరి రుచి తినుట అంతకు మించిన లాభము.

నెలల తరబడి, ఏండ్ల తరబడి ఉండుటకు పోవువారి సమస్య వేరు. నంద్యాల, ప్రొద్దుటూరు, ఆదోని, పులివెందుల పిల్లలు డిగ్రీ ముగించి అమీర్‌పేటకు కోచింగులకని పోవుదురు. అక్కడి హాస్టళ్లలో గదికి నలుగురు, ఐదుగురు, నడుమ నడచుటకు చోటు లేనట్లు మంచములు. ఉద్యోగము దొరకిన తరువాత మాదాపురములోనో, బెంగళూరు మారతహళ్లిలోనో పీజీకి మారుదురు. వీరికి నేను చెప్పునది రెండు మాటలు. మొదటిది, నెల మొదట ఇచ్చు అడ్వాన్సు తిరిగి యెప్పుడు, ఎంత మినహాయించుకొని ఇత్తురో కాగితముమీద వ్రాయించుకొనుట. రెండవది, చేరక పూర్వమే ఆ హాస్టలులో నున్న పిల్లలతో, యజమాని లేని వేళ, అన్నము తినునప్పుడు కూర్చుండి మాట్లాడుట. బోర్డుమీది మాటకన్న కంచము ముందటి మాట నమ్మదగినది. నెలకు ఇరువదివేలకు మించని బాడుగతో, తొంబది దినములకు తక్కువ కాకుండ ఉండువారి హాస్టలు వసతిమీద జీఎస్టీ లేదని 2024లో తీర్మానించినారు గనుక, పన్నుపేర ఎవరైనను అదనముగా అడిగినచో ప్రశ్నింపవచ్చును. ఆడపిల్లల విషయము ఇంకను బరువైనది. ఉద్యోగినుల హాస్టళ్ల పథకమును కేంద్రప్రభుత్వము 1972-73లోనే ప్రారంభించెను. అర్ధశతాబ్దము దాటినను మన పిల్లలలో అట్టి హాస్టలులో చోటు దొరకినవారు నాకు తారసపడుట అరుదు. రాత్రి పాళి చేసి వచ్చు పిల్లకు తొమ్మిదింటికే గేటు మూసివేయు హాస్టలు ఎట్లు ఉపయోగపడును? గేటుకు కాపలా కావలెను గాని గేటు మూయుట కాపలా కాదు.

ఇంకొక మాట, చెప్పుటకు కష్టముగా నున్నను దాటవేయరానిది. కడప, కర్నూలు మహమ్మదీయులును, దేవుని కడప గుడిని అమీన్ పీరు దర్గాను సమానముగా మ్రొక్కు హిందువులును తరతరములుగా కలిసి బ్రతికిన ఊళ్లు. అట్టి ఊరినుండి పోయిన ముస్లిము యువకుడు పట్నమున గది యడిగినపుడు పేరు వినగానే "నిన్ననే వేరేవాళ్లకు ఇచ్చేసినాం" అను జవాబు వచ్చుచున్నది. మాలమాదిగల బిడ్డ అడిగినపుడు ఇంటిపేరు, ఊరిలో ఏ వీధి యను విచారణ మొదలగుచున్నది. మాంసము తిందురా అను ప్రశ్న వెనుక అడుగదలచినది వేరొకటి. సత్రముల నాటి కులపు తలుపు ఈ విధముగా వేరు రంగు పూసికొని నిలిచి యున్నది. చౌకగా, పనికి దగ్గరగా, శుభ్రముగా నున్న గది దొరకినను దానిలో కాలిడనీయనప్పుడు ఆ యువకుడు చేయగలిగిన ఎన్నిక యేమి? దీనికి వ్యక్తి తెలివి చాలదు, చట్టము కావలెను. బాడుగ ఇండ్ల చట్టములలో కులమతములనుబట్టి నిరాకరించుట శిక్షార్హమని స్పష్టముగా వ్రాయవలెను.

ఎన్నిక యను మాటయే లేనివారు అందరికన్న ఎక్కువమంది. కోసిగి, మంత్రాలయము, ఆలూరు, ఆదోని పల్లెలలో ఖరీఫు పంట పోయిన ఏట ఇండ్లకు తాళములు వేసి, పిల్లలను, కోళ్లను, వంటపాత్రలను వెంటబెట్టుకొని జనము సుగ్గికి, అనగా వలస కూలికి, పోవుదురు. కొందరు గుంటూరు మిరప చేలకు, కొందరు బెంగళూరు, హైదరాబాదు మేడల కట్టుబడి పనులకు. మేడ కట్టినన్నాళ్లు దాని ప్రక్కనే నీలి పట్టా కప్పిన గుడిసెలో ఉందురు. మేడ పూర్తియైన మరునాడు ఆ గుడిసె పీకివేయుదురు. పదిమంది ఆడవారికి ఒక మరుగు కూడ నుండదు. బిడ్డలు ఇసుక కుప్పలమీద పెరుగుదురు. ఇది కూడ పట్నమున బసయే. మేస్త్రీకి అడ్వాన్సు తీసుకొనుటకు ముందు కూలి ఎంతో అడిగినట్లే, ఉండుటకు రేకుల షెడ్డు, నీళ్లు, పాయిఖానా కలవా యని అడుగవలెనని మన కూలీ సంఘములవారు పల్లెలలో తిరిగి చెప్పినచో కొంత మేలు కలుగును. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, రాత్రింబవళ్లు ఏడాది పొడవునను తెరచియుండు ఆశ్రయములను నగరములలో ఏర్పరుపవలెనని సుప్రీముకోర్టు 2010లో ప్రభుత్వములను ఆదేశించెను. అవి కొన్ని వెలసినవి. హైదరాబాదులో కొన్ని ఆసుపత్రుల చెంత రోగుల వెంట వచ్చినవారి కొరకును ఏర్పడినవి. కాని అట్టివి కలవని మన కోసిగి కూలికి చెప్పువారు లేరు. బస్టాండు గోడలమీద సినిమా పోస్టర్లకు చోటున్నది, ఆశ్రయము దారి చూపు ఒక బోర్డుకు లేదు.

పట్నములను అడుగుటకు ముందు మన ఊళ్లను మనము అడుగవలసియున్నది. కర్నూలు కూడ ఎందరికో పట్నమే. ఇక్కడి పెద్దాసుపత్రికి తుంగభద్ర ఆవలి అలంపురము, గద్వాలనుండియు, రాయచూరు, బళ్లారి దిక్కులనుండియు, అనంతపురమునుండియు రోగులు వత్తురు. వార్డులో రోగికి మంచమున్నది. వెంట వచ్చిన తల్లికి చెట్టు క్రింద చాప యున్నది. ఆమె రాత్రి ఇటుకల పొయ్యిమీద కాచిన గంజిని చెంబులో పోసికొని, కావలివాని బతిమాలి, వార్డులోనికి పోయి వచ్చి, మూటను తలక్రింద పెట్టుకొని పడుకొనును. దొంగతనము భయముచేత డబ్బు నడుమున కట్టుకొని నిద్రపట్టక దొర్లును. కడప రిమ్సు ఆవరణలోను ఇట్లే. ఇక కోర్టు సంగతి: కర్నూలులో హైకోర్టు బెంచి నెలకొల్పవలెనని శాసనసభ 2024 నవంబరులో తీర్మానించినది. 1954లో గుంటూరుకు, తరువాత హైదరాబాదుకు, 2019నుండి అమరావతికి వ్యాజ్యములు మోసికొని తిరిగిన సీమ రైతులకు అది న్యాయమే. ఆ బెంచికి భవనము ఎక్కడ కట్టవలెనని ఇప్పటినుండియే వాదములు జరుగుచున్నవి. వాయిదాకు ముందునాటి రాత్రి మదనపల్లెనుండియు హిందూపురమునుండియు వచ్చు కక్షిదారుడు ఎక్కడ పడుకొనవలెనని ఆ వాదములలో ఎవరును ఎత్తుట నేను వినలేదు. కోర్టు భవనపు నక్షాలోనే వంద మంచముల వసతిగృహము చేరవలెను. ఆసుపత్రుల ఆవరణలలో స్నానపు గదులు, పొయ్యిలు, మూటలకు తాళము గల పెట్టెలు గల హాలులు కావలెను. ఆధారు కార్డుమీది పేరు చూచి లెక్క వ్రాసికొనుట తప్ప కులము, మతము అడుగరాదు. బాడుగ దినమునకు యాబది రూపాయలు మించరాదు.

దీనికి డబ్బు యెక్కడిదని అడుగువారుందురు. తిరుమల తిరుపతి దేవస్థానమువారి కల్యాణమండపములును, సంఘముల కల్యాణమండపములును మన రెండు జిల్లాల పట్టణములలో ఉన్నవి. వానికి హాళ్లు, వంటశాలలు, కుళాయిలు, స్నానపు గదులు సిద్ధముగా నున్నవి. ఆషాఢమున, మూఢములలో, ముహూర్తములు లేని వారములలో అవి తాళము పడి యుండును. రోగుల బంధువులకును పరీక్షలకు వచ్చు పిల్లలకును ఆ దినములలో వానిని తెరచుటకు కొత్త గోడ ఒక్కటియు కట్టనక్కరలేదు. కలెక్టరు, దేవస్థానమువారు, ఆసుపత్రి పర్యవేక్షకుడు ఒకనాడు కలిసి కూర్చుండిన చాలును. ఈ ఆషాఢముననే కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి తెరచి చూడవలెనని నా కోరిక.